పాత బండి గేర్లూ, వందేళ్ళ లెగసీ

పాత మోటారుసైకిలు కొనాలనే సరదా మన సాఫ్టువేరు జనాలకి ఎప్పుడూ ఉండేదే. పొద్దస్తమానం తెర ముందు కూర్చునేవాళ్ళకి, ముట్టుకుంటే చేతికి మసి అంటే వస్తువేదో ఒకటి కావాలనిపిస్తుంది కాబోలు. ఎవరో ఒకరు ఓ పాత బుల్లెట్టో, యెజ్డీయో, ఆరెక్స్ 100 బండో బేరమాడి కొంటారు. వారం తిరక్కుండానే కాఫీ మెషీను దగ్గర ఒకటే పాట: "గేర్లు సరిగ్గా పడట్లేదు గురూ, గేరుబాక్సు పోయినట్టుంది!"

ఈ పాట నేను చాలాసార్లు విన్నాను. ఆ బళ్ళలో కొన్ని నడిపి చూశాను. రెండు మూడు గేరుబాక్సులు విప్పుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చుని చూశాను కూడా. నాకు అర్థమైంది ఒక్కటే. కొత్తగా పాత బండి కొన్నవాళ్ళు చెప్పే గేరు జబ్బుల్లో చాలావరకు గేరుబాక్సులో ఉండవు. ఆ బండి పుట్టిన కాలానికీ, మన కాలికీ మధ్య ఉంటాయి. అంచేత స్పానరు పట్టుకునే ముందు కాస్త చరిత్ర తెలుసుకోవాలి. ఎవరో పదిహేనేళ్ళ క్రితం రాసిన కోడు ముట్టుకునే ముందు అది ఎందుకలా రాశారో చూస్తామా లేదా? ఇదీ అంతే.

అసలు మొదటి తరం మోటారుసైకిళ్ళలో చాలావాటికి గేర్లే లేవు. సైకిలు లాంటి ఫ్రేముకి ఇంజను బిగించి, ఒక బెల్టుతో వెనక చక్రాన్ని తిప్పేవాళ్ళు. ఎత్తు వస్తే పెడలు తొక్కడమో, దిగి నెట్టుకోవడమో. ఐల్ ఆఫ్ మాన్ అనే దీవిలో 1907లో టీటీ పందేలు మొదలయ్యాయి. 1911లో ఆ పందేన్ని స్నేఫెల్ కొండ మీదుగా పోయే మౌంటెన్ కోర్సుకి మార్చారు. కొండెక్కాలంటే ఒకటే గేరుతో పని జరగదు. ఆ ఏడు సీనియర్ పందెంలో మొదటి మూడు స్థానాలూ "ఇండియన్" కంపెనీ బళ్ళే కొట్టేశాయి. పేరు చూసి సంబరపడకండి, అది అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రపు కంపెనీ :) ఆ బళ్ళకి చైను డ్రైవు, రెండు స్పీడ్ల గేరుబాక్సు ఉన్నాయి. మోటారుసైకిలుకి గేర్లు ఎందుకని అడిగేవాళ్ళకి ఆ కొండే జవాబు చెప్పేసింది.

అప్పట్లో గేరు మార్చేది చేత్తో. పెట్రోలు టాంకు పక్కన పొడుగాటి లివరు ఉండేది. దాన్ని ఏ గాడిలో పెడితే ఆ గేరు. చూడగానే తెలిసిపోతుంది. కాకపోతే మలుపులో హ్యాండిలు వదిలి లివరు పట్టుకోవాలి. 1920ల చివర్లో ఇంగ్లాండులోని వెలోసెట్ కంపెనీకి చెందిన హెరాల్డ్ విల్లిస్ అనే ఇంజనీరు దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. కాలితో లివరు ఒకసారి నొక్కితే సరిగ్గా ఒక్క గేరు మారుతుంది, కాలు తీస్తే లివరు మళ్ళీ మొదటి చోటికే వచ్చేస్తుంది. పాజిటివ్ స్టాప్ అంటారు దీన్ని. ఇవాళ మనం తొక్కే గేరు లివర్లన్నీ దీని సంతానమే.

ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించాలి. పాత బజాజ్ చేతక్ నడిపినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఎడమచేతి పిడి తిప్పితే ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు కనబడేవి. అంటే పేజీ నెంబరు కొట్టి ఆ పేజీకి వెళ్ళడం లాంటిది. కాలి గేరు అలా కాదు, అది "తర్వాతి పేజీ", "ముందు పేజీ" బటన్లు మాత్రమే. మనం ఏ పేజీలో ఉన్నామో లివరు చెప్పదు, మనమే గుర్తుంచుకోవాలి. కొత్తగా నేర్చుకునేవాడి తికమకంతా ఇక్కడే మొదలవుతుంది. నాలుగులో ఉన్నా అనుకుని మూడులో ఉంటాడు, ఒకటి అనుకుని న్యూట్రల్లో ఉంటాడు. తప్పు బండిదనుకుంటాడు.

సరే, లివరు కాలి దగ్గరికొచ్చింది. ఏ కాలు? ఎటు నొక్కితే ఏ గేరు? దీని మీద నలభై యాభై ఏళ్ళ పాటు ఎవరి దారి వాళ్ళదే. బ్రిటిషు బళ్ళలో ఇంజను నుంచి క్లచ్‌కి వెళ్ళే చైను ఎడమవైపు ఉండేది. గేర్లు మార్చే సరంజామా గేరుబాక్సు కుడి మూత కింద ఉండేది. లివరు కూడా అక్కడే, కుడివైపున. వెనక బ్రేకు ఎడమకాలికి వచ్చింది. చెక్ దేశపు జావా వాళ్ళు ఎడమవైపు పెట్టారు. (మనం రాసే జావా కాదు. 1929లో ప్రాగ్‌లో పెట్టిన కంపెనీ. యానెచెక్, వాండరర్ అనే రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపి పెట్టుకున్న పేరది.) జపానువాళ్ళ బళ్ళు కూడా ఎక్కువగా ఎడమవైపే.

ఈ గోల తేల్చింది అమెరికా ప్రభుత్వం. 1974 సెప్టెంబరు నుంచి తయారయ్యే మోటారుసైకిళ్ళకి గేరు ఎడమకాలికి, వెనక బ్రేకు కుడికాలికి ఉండాలని అక్కడి ఫెడరల్ భద్రతా ప్రమాణం చెప్పింది. ఒక బండి నుంచి ఇంకో బండికి మారినవాడు కంగారులో బ్రేకు అనుకుని గేరు తొక్కకూడదు, అదీ ఉద్దేశం. అమెరికాలో అమ్ముకోవాలంటే ట్రయంఫ్ అయినా, సొంత ఊరి హార్లే అయినా మారక తప్పలేదు. 1970ల మధ్యనాటికి ట్రయంఫ్ బోనవిల్, హార్లే స్పోర్ట్‌స్టర్ రెండూ గేరుని కుడి నుంచి ఎడమకి తెచ్చుకున్నాయి.

మరి మన దేశం సంగతి? అప్పటికి మనది వేరే లోకం. దిగుమతులు దాదాపు లేవు. ఉన్న కంపెనీలు మూడే, ముగ్గురి మూలాలూ మూడు వేరు వేరు దేశాలు. ఇంగ్లాండులోని రెడిచ్ కంపెనీతో కలిసి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది, బుల్లెట్‌తో పాటు కుడికాలి గేరునీ తెచ్చుకుంది. మైసూరులో ఐడియల్ జావా 1960 దశకం మొదట్లో చెక్ బళ్ళు తయారు చేయడం మొదలుపెట్టింది, 1973 నుంచి వాటికి యెజ్డీ అని పేరు పెట్టుకుంది. ఎస్కార్ట్స్ వాళ్ళ రాజ్‌దూత్ 175కి మూలం పోలెండు బండి, దానికి మూడే గేర్లు. అమెరికా రూలుతో వీళ్ళకేం పని? ఎవరి గేరు వాళ్ళదే, ఎవరి అలవాటు వాళ్ళదే.

బుల్లెట్ పాత గేరుబాక్సు ఆల్బియన్ అనే బ్రిటిషు డిజైను. ఒకటో గేరు పైకి, మిగతా మూడూ కిందికి. గేరు లివరుతో పాటు ఇంకో చిన్న లివరు ఉంటుంది, మడమతో నొక్కడానికి. దాని పేరు న్యూట్రల్ ఫైండర్. ఒకటో గేరులో తప్ప మరే గేరులో ఉన్నా సరే, క్లచ్ పట్టుకుని దాన్ని నొక్కితే నేరుగా న్యూట్రల్‌కి వచ్చేస్తుంది. సిగ్నల్ దగ్గర ఎంత హాయో! దాని సంగతి తెలియక, ఏదో పనికిరాని ముక్క అనుకుని పీకించేసినవాళ్ళు కూడా ఉన్నారు. జావాలో ఇంకో విచిత్రం. గేరు లివరూ, కిక్కు రాడ్డూ ఒకటే. దాన్ని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, మళ్ళీ ముందుకి దించితే గేరు. పైగా కాలితో గేరు మారుస్తుంటే క్లచ్ కూడా కాస్త దానంతటదే విడిపోయే ఏర్పాటు ఉండేది. అంటే క్లచ్ సర్దుబాటు చేతి లివరుకీ, కాలి లివరుకీ రెండింటికీ సరిపోవాలి. ఈ సంగతి తెలియని మెకానిక్కు కేబులు ఒక్కటే బిగించి పంపిస్తే, గేరుబాక్సు పాడైందన్న అనుమానం రావడం ఖాయం.

తర్వాత 1980లలో తలుపులు కాస్త తెరుచుకున్నాయి. 1984లో ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడు యమహా ఆరెక్స్ 100, 1986లో కవాసాకి బజాజ్. జపాను పొత్తులన్నీ వరసకట్టి వచ్చేశాయి. వాటితో పాటు ఎడమ గేరూ వచ్చింది. రూలు వల్ల కాదు, జనం వాటిని కొన్నారు కాబట్టి. యెజ్డీ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. బుల్లెట్ కూడా 2000 దశకంలో అయిదు గేర్ల ఎడమ లివరు తెచ్చుకుంది, 2010 ప్రాంతానికి కుడి గేరు కథ ముగిసింది.

అయితే ఎడమకి వచ్చినంత మాత్రాన గొడవ తీరిపోలేదు. సీడీ 100 నుంచి స్ప్లెండర్ దాకా నాలుగు గేర్లూ ముందుకి నొక్కడమే, వెనక్కి రావాలంటే మడమతో. పల్సర్ లాంటి బళ్ళలో ఒకటి కిందికి, మిగతావి పైకి. అంటే స్ప్లెండర్ మీద నేర్చుకున్నవాడు పల్సర్ ఎక్కి, మూడు నుంచి నాలుగుకి వెళ్దామని అలవాటుగా నొక్కాడనుకోండి, పడేది రెండు. వేగంలో ఉంటే ఇంజను అరుస్తుంది, వెనక చక్రం పట్టేస్తుంది, వాన రోజైతే ఇంతే సంగతులు. మన వీధుల్లో పక్కపక్కనే నిలబడ్డ రెండు బళ్ళలో ఒకే కాలి కదలికకి రెండు వ్యతిరేక అర్థాలు. ఇదే మన సాఫ్టువేరులో జరిగితే ఎంత గోల చేసేవాళ్ళం! ఒక ఎడిటర్లో సేవ్ చేసే మీట ఇంకో దాంట్లో డిలీట్ చేస్తే ఊరుకుంటామా?

మా టీములో ఒక కుర్రాడు కుడి గేరు పాత బండి ఒకటి కొన్నాడు. కొన్న నాలుగో రోజు మెహదీపట్నం దగ్గర ఆటో ఒకటి అడ్డం వచ్చింది. వాడి కుడికాలు ఇంజనీరింగు కాలేజీ రోజుల నుంచీ చేసే పనే చేసింది, బ్రేకు అనుకుని గట్టిగా తొక్కింది. అక్కడుంది గేరు. ముందు బ్రేకు పట్టుకోబట్టి ఆటోకి జానెడు దూరంలో ఆగాడు. మర్నాడు బండిని పుత్లీబౌలి దగ్గర ఒక పెద్దాయన షెడ్డుకి తోడుగా తీసుకెళ్ళాను. ఆయన బండి ఒక చుట్టు తిప్పి తెచ్చి, స్టాండు వేసి, నవ్వుతూ అన్నాడు: "గేర్లు మంచిగనే ఉన్నయ్ సార్. కాలు కొత్తగున్నది. ఓ నెల రోజులు పొద్దున్నే ఖాళీ రోడ్ల మీద నడుపు, అప్పుడు రా." డబ్బులు తీసుకోలేదు. వాడేమో గేరుబాక్సు విప్పించడానికి ఎంతవుతుందో కనుక్కుని, అంత డబ్బూ జేబులో పెట్టుకుని వచ్చాడు పాపం.

అలా చెప్పే మెకానిక్కు దొరకడం అదృష్టం. అందరికీ దొరకరు. కాబట్టి నిజంగా జబ్బు ఎక్కడుందో మనమే కొంత తేల్చుకోవాలి. అందుకు గేరుబాక్సు లోపల ఏం జరుగుతుందో రెండు ముక్కల్లో చెప్తాను.

మోటారుసైకిలు గేర్ల పళ్ళు ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి. గేరు మారడమంటే కొత్త పళ్ళు కలవడం కాదు. గేరు చక్రం పక్కన బొడిపెలు ఉంటాయి, వాటిని డాగ్స్ అంటారు. ఫోర్కు ఒక చక్రాన్ని పక్కకి జరిపితే ఆ బొడిపెలు పక్క చక్రంలోని గాళ్ళలో దూరతాయి, అప్పుడు ఆ గేరు పడినట్టు. కారులోలాగా వేగాలు కలిపే సింక్రో ఏర్పాటు మామూలుగా ఉండదు. బొడిపె ఎదురుగా గాడి ఉంటేనే దూరుతుంది. అందుకే ఇంజను ఆపి, స్టాండు వేసి గేర్లు మార్చి చూసి, "రెండు పడట్లేదు" అని బెంబేలెత్తకూడదు. బండిని కాస్త ముందుకీ వెనక్కీ కదుపుతూ నొక్కితే పడుతుంది. పాత బండి బేరమాడేటప్పుడు చాలామంది భయపడేది ఇక్కడే.

ఇంక నిజం జబ్బులకి వస్తే, ఖర్చు తక్కువ దాంతో మొదలెట్టి ఖర్చు ఎక్కువ దాని వైపు వెళ్ళాలి.

మొదటిది క్లచ్ కేబులు. క్లచ్ పూర్తిగా పట్టినా ఇంజను చక్రాన్ని ఇంకా లాగుతూనే ఉంటే గేరు గట్టిగా పడుతుంది, ఆగినప్పుడు న్యూట్రల్ దొరకదు. సర్దుబాటు చేస్తే పోతుంది. రాత్రంతా నిలిపిన పాత బండిలో క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పాత బుల్లెట్ వాళ్ళు పొద్దున్నే క్లచ్ పట్టుకుని రెండు మూడు ఉత్త కిక్కులు కొట్టేది ప్లేట్లు విడిపోవడానికే. ఆ బళ్ళలో కిక్కు బలం గేరుబాక్సు ద్వారా, క్లచ్ ద్వారా ఇంజనుకి వెళ్తుంది. అందుకే కిక్కు జారుతుంటే ముందు క్లచ్‌ని అనుమానించాలి, కిక్కు పళ్ళని తర్వాత.

రెండోది ఆయిలు. ఇక్కడా చరిత్రే. స్ప్లెండర్ లాంటి బండిలో ఇంజనుకీ, క్లచ్‌కీ, గేర్లకీ ఒకటే ఆయిలు. పాత బుల్లెట్‌లో ఈ మూడింటికీ మూడు చోట్ల పోయాలి. ఆరెక్స్, యెజ్డీ లాంటి టూ స్ట్రోక్ బళ్ళలో మనం పోసే 2టీ ఆయిలు పెట్రోలుతో పాటు కాలిపోతుంది, గేరుబాక్సు దగ్గరికి పోనేపోదు. దాని ఆయిలు వేరు. "నేను ఆయిలు పోస్తూనే ఉన్నా" అనుకుంటూ ఏళ్ళ తరబడి గేర్లని ఎండగట్టిన ఓనర్లు ఎందరో. ఆ బండి చేతులు మారి మన దగ్గరికి వస్తుంది. ఇంకోటి, క్లచ్ ఆయిల్లో మునిగుండే బండిలో కారు ఆయిలు పోయకండి. కార్ల ఆయిళ్ళలో చాలావాటికి మైలేజీ కోసం జారుడు గుణం ఎక్కువగా ఉండే రసాయనాలు కలుపుతారు, అవి పడితే ప్లేట్లు జారే ప్రమాదముంది. దీనికోసమే జపానువాళ్ళు 1998లో జాసో అని మోటారుసైకిలు ఆయిళ్ళకి వేరే ప్రమాణం పెట్టారు. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉందో లేదో చూసుకుంటే చాలు.

మూడోది చైను, స్ప్రాకెట్లు. పళ్ళు అరిగిపోయి చైను ఎగిరితే అచ్చం గేరు ఎగిరినట్టే ఉంటుంది. కంటితో చూస్తే తెలిసిపోయే దానికోసం ఇంజను దించడం ఎందుకు?

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా, ఒక గేరులో వేగం అందుకుంటుంటే అదే జారి న్యూట్రల్‌కి వచ్చేస్తుంటే, అది లోపలి జబ్బే. బొడిపెల మూలలు అరిగి గుండ్రంగా అయిపోతాయి, బలం పడేసరికి ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. లేదా ఫోర్కు వంగుంటుంది. సగం సగం గేరు నొక్కి క్లచ్ వదిలేయడం, ఎప్పుడూ లివరు మీద కాలు పెట్టుకుని నడపడం, ఇలాంటి అలవాట్లన్నీ బొడిపెల మీద రాసుంటాయి. బేరమప్పుడే ప్రతి గేరులోనూ ఒకసారి యాక్సిలేటరు వదిలి, మళ్ళీ గట్టిగా తిప్పి చూడండి. జారేదైతే అప్పుడే జారుతుంది. ఆయిలు మార్చేటప్పుడు కింది బోల్టు కూడా చూడండి. సన్నటి బూడిదరంగు ముద్ద ఉంటే మామూలు అరుగుదల. మెరిసే పెచ్చులు ఉంటే మాత్రం విప్పాల్సిందే.

విప్పడంలో కూడా పుట్టిన కాలం తేడా తెలుస్తుంది. పాత బుల్లెట్‌లో గేరుబాక్సు విడిగా బిగించి ఉంటుంది, ఇంజను జోలికి పోకుండా తెరవొచ్చు. జపాను తరహా బళ్ళలో ఇంజనూ గేరుబాక్సూ ఒకే పెట్టె. ఒక చిన్న ఫోర్కు మార్చాలన్నా ఇంజను దించి రెండు ముక్కలుగా విప్పాలి. అది చిన్నదిగా, చవగ్గా, నూనె కారకుండా ఉండటానికి మనం కట్టే మూల్యం ఇది. మాడ్యులర్‌గా కట్టాలా, అన్నీ కలిపి కట్టాలా అని మనం మీటింగుల్లో కొట్టుకునే సంగతి మెకానిక్కులకి ఎప్పటినుంచో తెలుసు.

నా అభిప్రాయం చెప్పాలంటే, 1974 రూలు మంచిదే. అందరి బ్రేకూ ఒకే కాలికి రావడం వల్ల ఎంతమంది బతికారో ఎవరూ లెక్కపెట్టలేరు కానీ, బతికే ఉంటారు. స్టాండర్డు అంటే విసుక్కునే మన వాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. కొన్ని నిర్ణయాల్లో ఏది గొప్పదన్నది ముఖ్యం కాదు, అందరూ ఒకటే పాటించడం ముఖ్యం. కుడి గేరు ఎడమ గేరు కన్నా చెడ్డదేం కాదు. రెండూ ఒకే ఊళ్ళో ఉండటమే చెడ్డది.

కాకపోతే స్టాండర్డు వచ్చాక అంతకు ముందువన్నీ మనకి తప్పుల్లా కనబడతాయి. న్యూట్రల్ ఫైండర్ పనికిరాని ముక్క అయిపోతుంది, కిక్కూ గేరూ ఒకటే కావడం పిచ్చి డిజైను అయిపోతుంది. వాటిని వాడినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. వాళ్ళ కొండలకి, వాళ్ళ రోడ్లకి, వాళ్ళ దగ్గరున్న ఇనుముకి అవి సరైన జవాబులు. ఆ జవాబులు చదవడం వచ్చిన మెకానిక్కులు తగ్గిపోతున్నారు. షెడ్డు మూసేశాక వాళ్ళకి తెలిసింది ఏ మాన్యువల్లోనూ దొరకదు.

కాబట్టి పాత బండి కొనదలచినవాళ్ళకి నా సలహా ఇదీ. కొనే ముందు ఆ మోడలు గేర్లు ఎటు, ఆయిలు ఎన్ని చోట్ల, క్లచ్ ఎలా పనిచేస్తుంది, ఈ మూడూ కనుక్కోండి. కొన్నాక మొదటి నెల జేబులోంచి డబ్బు తీయకండి, కాలికి కొత్త అలవాటు చేయండి, ఖాళీ రోడ్ల మీద మాత్రమే. పాత బండి నడుపుతున్నంత కాలం రోజూ రెండు రకాల బళ్ళు మార్చి మార్చి ఎక్కకండి. అప్పటికీ గేరు జారుతుంటే, అప్పుడు విప్పించండి. విప్పేటప్పుడు పక్కన కూర్చోండి. అరిగిన ఆ బొడిపెలు చేత్తో పట్టుకుని చూస్తే, మీ ముందు ఆ బండి నడిపిన నలుగురి గురించీ బండి కాగితాలకన్నా ఎక్కువే తెలుస్తుంది.